ప్రాక్స్‌మాక్స్ 8 నుంచి 9కి ఎక్కాక పాత వీఎంలు మొరాయిస్తే ఏం చెయ్యాలి: మెట్టు మెట్టుగా

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో సర్వర్ నేనే చూస్తుంటాను. ఒకటే బాక్సు, దాని మీద ప్రాక్స్‌మాక్స్, అంటే ఒకే బాక్సులో చాలా వర్చువల్ మెషీన్లని (వీఎంలని) నడిపే సాఫ్ట్‌వేర్, దాంట్లో అన్నీ పాతవే: వే బ్రిడ్జి సాఫ్ట్‌వేర్ నడిచే విండోస్ ఎక్స్‌పీ, ట్యాలీ ఉన్న విండోస్ సర్వర్ 2008 ఆర్2, గోనె సంచుల లెక్క చూసే పీహెచ్‌పీ అప్లికేషన్ ఉన్న సెంటోస్ 6 లైనక్స్, ఫైల్ షేరింగ్ కోసం పెట్టిన ఒక సెంటోస్ 7 కంటైనర్. కంటైనర్ అంటే వీఎం లాంటిదే గానీ దానికి సొంత కెర్నల్, అంటే ఓఎస్ గుండెకాయ, ఉండదు, కింది బాక్సుదే వాడుకుంటుంది. వానాకాలం వడ్లు దిగడానికి వారం ముందు ఒక ఆదివారం రాత్రి దాన్ని 8 నుంచి 9కి అప్‌గ్రేడ్ చేశాను. హోస్ట్, అంటే కింది బాక్సు, చక్కగా లేచింది, వెబ్ పేజీ తెరుచుకుంది, హమ్మయ్య అనుకున్నాను. కానీ లోపల చూస్తే కాటా మీద బరువు రావట్లేదు, సెంటోస్ 6కి బయట నెట్ లేదు, కంటైనర్ అసలు స్టార్ట్ అవ్వట్లేదు. తెల్లారి 5 గంటలకి మొదటి లారీ కాటా ఎక్కుతుంది, టైమ్ చూస్తే రాత్రి 11.

ఆ రాత్రి నేను చేసిన పెద్ద తప్పు ఏంటంటే ఎక్స్‌పీ వీఎం కాన్ఫిగరేషనే పాడైందనుకుని కొత్త వీఎం క్రియేట్ చేసి పాత డిస్క్ దానికి తగిలించాను, అదే ఊపులో 2008 ఆర్2కి కూడా అదే చేశాను, దాంతో ఉన్న సమస్య తీరకపోగా ఇంకో మూడు కొత్తవి వచ్చాయి. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నాను. ప్రాక్స్‌మాక్స్ 9.0 వచ్చింది 2025 ఆగస్టులో, 8కి సపోర్ట్ 2026 ఆగస్టు వరకే, కాబట్టి పాత వీఎంలు ఉన్నవాళ్ళందరూ ఈ దారిన వెళ్ళాల్సినవాళ్ళే.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. వీఎం లోపలున్న విండోస్ గానీ లైనక్స్ గానీ అప్‌గ్రేడ్ వల్ల ఒక్క బైటు కూడా మారలేదు. మారింది దాని కింద ఉన్న మెషీన్. గెస్ట్ ఓఎస్, అంటే వీఎం లోపలి ఓఎస్, ఇన్‌స్టాల్ అయిన రోజునే కింద ఏ మదర్‌బోర్డు ఉంది, డిస్క్ ఏ కంట్రోలర్ మీద ఉంది, నెట్‌వర్క్ కార్డు ఏ స్లాట్‌లో ఉంది అన్నీ గుర్తుపెట్టుకుంటుంది, కొత్త ఓఎస్‌లు మార్పుకి సర్దుకుంటాయి గానీ 2003, 2008 కాలం నాటివి సర్దుకోలేవు. కాబట్టి మన పని వీఎంని రిపేర్ చెయ్యడం కాదు, దానికి అలవాటైన పాత మెషీన్‌ని తిరిగి దాని కింద పెట్టడం. కింద రాసిన మెట్లన్నీ ఈ ఒక్క మాట మీదే నడుస్తాయి.

మెట్టు 1: ఏదీ ముట్టుకోకుండా పాత కాన్ఫిగ్ సంపాదించండి

ఇంకా అప్‌గ్రేడ్ చెయ్యని వాళ్ళయితే అదృష్టవంతులు, ముందు 8.4కి పూర్తిగా అప్‌డేట్ చేసుకుని పీవీఈ8టూ9 అనే చెకింగ్ స్క్రిప్ట్‌ని ఫుల్ ఆప్షన్‌తో రన్ చెయ్యండి, ఎర్ర రంగులో వచ్చిన ప్రతి లైను చదవండి, పసుపు రంగువి కూడా చదవండి, ఎందుకంటే పాత వీఎంలకి సంబంధించినవి చాలావరకు పసుపులోనే వస్తాయి. తర్వాత ప్రతి వీఎం బ్యాకప్ తీసుకుని, ఈటీసీ లోపల పీవీఈ ఫోల్డర్‌లో ఉండే క్యూఎము-సర్వర్, ఎల్ఎక్స్‌సీ అనే రెండు ఫోల్డర్లనీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. వీఎంకి ఒక్కో చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది, దాంట్లో మెషీన్ టైప్, బయాస్, సీపీయూ టైప్, డిస్క్ ఏ బస్ మీద (ఏ రకం కంట్రోలర్ మీద) ఉంది, నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్, వీఎం గుర్తింపు నంబరైన యూయూఐడీ అన్నీ ఉంటాయి. నేనైతే వాటిని ప్రింట్ తీసి ఫైల్లో పెడతాను. అర్ధరాత్రి రెండు స్క్రీన్లు పోల్చి చూసుకోవడం కన్నా చేతిలో కాగితం ఉంటే చాలా తేలిక.

అప్‌గ్రేడ్ అయిపోయింది, కాన్ఫిగ్ కాపీ లేదు అనుకుంటే కూడా కంగారు పడొద్దు. పాత బ్యాకప్ ఉంటే స్టోరేజ్‌లో ఆ బ్యాకప్ మీద క్లిక్ చేసి షో కాన్ఫిగరేషన్ నొక్కండి, రిస్టోర్ చెయ్యకుండానే అప్పటి కాన్ఫిగ్ మొత్తం కనపడుతుంది. ఈ బటన్ చాలామందికి తెలీదు, నన్ను ఆ రాత్రి బయట పడేసింది ఇదే.

ఇంకో మాట, ఈ దశలో కొత్త డ్రైవర్లు వెయ్యడం, గెస్ట్ ఏజెంట్ అప్‌డేట్ చెయ్యడం, స్పీడ్ కోసం డిస్క్‌ని విర్టియోకి, అంటే వీఎంల కోసమే చేసిన వేగమైన కంట్రోలర్‌కి, మార్చడం లాంటివి అస్సలు వద్దు. వీఎం బాగా నడుస్తున్నప్పుడు చేసే పనులు అవి.

మెట్టు 2: తప్పు ఏ అంతస్తులో ఉందో తేల్చండి

మూడు అంతస్తులు అనుకోండి. కింద హోస్ట్, మధ్యలో వీఎంకి మనం చూపించే వర్చువల్ హార్డ్‌వేర్, పైన గెస్ట్ ఓఎస్. అన్ని వీఎంలకీ ఒకేసారి ఒకే జబ్బు చేస్తే అది హోస్ట్‌ది. ఒక్క వీఎం మాత్రమే, అదీ స్టార్ట్ బటన్ నొక్కగానే ఎర్రర్ ఇస్తే అది మధ్య అంతస్తు. స్టార్ట్ అయ్యి లోపల బ్లూ స్క్రీన్ వచ్చినా, కెర్నల్ పానిక్ అయినా, నెట్ రాకపోయినా అది చాలావరకు మధ్య అంతస్తుకీ పై అంతస్తుకీ మధ్య గొడవ. ఈ మూడు ప్రశ్నలకి జవాబు రాసుకోకుండా ముందుకెళ్తే నాలాగే లేని సమస్యని రిపేర్ చేస్తారు.

స్టార్ట్ అవ్వని వీఎంని వెబ్ పేజీ నుంచి కాకుండా హోస్ట్ షెల్ నుంచి క్యూఎం స్టార్ట్ కమాండ్‌తో స్టార్ట్ చెయ్యండి, ఎర్రర్ మొత్తం అక్కడే పడుతుంది. క్యూఎం షోసీఎండీ అని కొట్టి వీఎం నంబర్ ఇస్తే ఆ వీఎంకి ప్రాక్స్‌మాక్స్ ఏ హార్డ్‌వేర్ చూపిస్తుందో పూర్తి లైను కనపడుతుంది, దాంట్లో మెషీన్ అన్న మాట పక్కన ఏముందో చూడండి, తర్వాత పనికొస్తుంది.

కొత్త కెర్నల్ మీదే అనుమానం ఉంటే దాన్ని తేల్చుకోవడం కూడా సులువే. 8తో వచ్చిన 6.8 కెర్నల్ తీసెయ్యకపోతే ఇంకా డిస్క్‌లోనే ఉంటుంది, బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్ళి దాంతో ఒకసారి లేపి చూడండి. పాత కెర్నల్‌తో అంతా బాగుంటే వీఎంల జోలికి వెళ్ళక్కర్లేదు, పాత కెర్నల్‌ని, ప్రతిసారీ అదే లేచేలా, పిన్ చేసి నిదానంగా చూసుకోవచ్చు.

మెట్టు 3: హోస్ట్‌లో ఎక్కువగా దొరికేవి

మొదటిది నెట్‌వర్క్ కార్డు పేరు మారిపోవడం. కెర్నల్ మారినప్పుడు హోస్ట్‌లో ఫిజికల్ పోర్ట్ పేరు కూడా మారొచ్చు, కానీ బ్రిడ్జి, అంటే వీఎంలని ఆ పోర్ట్‌కి కలిపే వర్చువల్ స్విచ్, కాన్ఫిగ్‌లో మాత్రం పాత పేరే ఉంటుంది, అంటే లేని కార్డుకి బ్రిడ్జి కట్టినట్టు. హోస్ట్‌కీ నెట్ ఉండదు, వీఎంలకీ ఉండదు. సర్వర్‌కి మానిటర్, కీబోర్డు తగిలించి ఐపీ లింక్ కమాండ్ కొట్టి ఇప్పుడున్న పేర్లు చూడండి, నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో ఉన్న పేరుతో పోల్చండి, తేడా ఉంటే ఫైల్లో సరిచేసి రీబూట్ చెయ్యండి. 9లో అయితే పేర్లని శాశ్వతంగా కట్టేసే టూల్ కూడా వచ్చింది, పీవీఈ-నెట్‌వర్క్-ఇంటర్‌ఫేస్-పిన్నింగ్ అని, దాంతో జనరేట్ చేస్తే కార్డులకి నిక్0, నిక్1 అని పేర్లు పెడుతుంది, ఆ తర్వాత కెర్నల్ మారినా పేర్లు కదలవు. ఇది దూరం నుంచి చెయ్యొద్దు, బాక్సు ముందు కూర్చుని చెయ్యండి.

రెండోది మా మిల్లులో సెంటోస్ 6కి వచ్చింది. వీఎం నుంచి హోస్ట్‌కి పింగ్ వెళ్తుంది, హోస్ట్ నుంచి బయటికి పింగ్ వెళ్తుంది, వీఎం నుంచి మాత్రం బయటికి వెళ్ళదు. గంటసేపు సెంటోస్ లోపల రౌటింగ్ చూస్తూ కూర్చున్నాను, అక్కడ తప్పేమీ లేదు. ఆ వీఎం ప్రైవేట్ బ్రిడ్జి మీద ఉండి హోస్ట్ ద్వారా నాట్ అయ్యి, అంటే హోస్ట్ అడ్రస్ వాడుకుని, బయటికి వెళ్తుంది, దానికి కావలసిన ఐపీ ఫార్వర్డ్ సెట్టింగ్‌ని నేను ఎప్పుడో ఈటీసీలో సిస్‌సీటీఎల్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్లో రాశాను. ప్రాక్స్‌మాక్స్ 9 నిలబడింది డెబియన్ 13 మీద, డెబియన్ 13లో బూట్ అయ్యేటప్పుడు ఆ ఫైలుని చదవరు, దాని పక్కన ఉండే సిస్‌సీటీఎల్ డాట్ డీ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళనే చదువుతారు. ఫైలు అక్కడే ఉంది, దాంట్లో లైనూ ఉంది, కానీ దాన్ని చదివేవాళ్ళు లేరు. చెక్ చెయ్యాలంటే ప్రాక్ ఫోల్డర్‌లో సిస్, నెట్, ఐపీవీ4 లోపల ఐపీ ఫార్వర్డ్ అనే ఫైల్లో 0 ఉందా 1 ఉందా చూడండి, 0 ఉంటే ఆ లైనుని కొత్త ఫోల్డర్‌లో డాట్ కాన్ఫ్‌తో ముగిసే పేరున్న ఫైల్లో పెట్టి సిస్‌సీటీఎల్ సిస్టమ్ ఆప్షన్‌తో రీలోడ్ చెయ్యండి. బ్రిడ్జి సెక్షన్‌లో పోస్ట్-అప్ లైనుగా 1 రాసుకున్నవాళ్ళకి ఈ ఇబ్బంది రాదు.

స్టోరేజ్ గురించి క్లుప్తంగా చెప్తాను. గ్లస్టర్‌ఎఫ్ఎస్ అనే నెట్‌వర్క్ స్టోరేజ్ సపోర్ట్ 9లో తీసేశారు, దాని మీద డిస్కులు ఉంటే అప్‌గ్రేడ్‌కి ముందే వేరే స్టోరేజ్‌కి మార్చుకోవాలి. ఇంకా చిన్నదే గానీ అందర్నీ తిప్పేది: వీఎం సీడీ డ్రైవ్‌లో ఎప్పుడో పెట్టి మర్చిపోయిన ఐఎస్ఓ, అంటే సీడీ ఇమేజ్ ఫైలు. ఆ ఐఎస్ఓ ఉన్న స్టోరేజ్ ఇప్పుడు లేకపోతే వీఎం స్టార్టే అవ్వదు, డిస్క్ పోయిందేమో అని గుండె ఆగినంత పనవుతుంది. సీడీ తీసేస్తే లేస్తుంది.

మెట్టు 4: కంటైనర్ లేవకపోతే

దీనికి జవాబు సూటిగా ఉంటుంది. కంటైనర్లకి సీపీయూ, మెమరీ పంచే కెర్నల్ ఏర్పాటుని సీగ్రూప్ అంటారు, 9లో దాని పాత వెర్షన్ 1 పూర్తిగా తీసేశారు. లైనక్స్‌లో సర్వీసులని లేపే సిస్టమ్‌డీ 230 గానీ అంతకన్నా పాతది గానీ ఉన్న కంటైనర్లు దీని మీద నడవవు. సెంటోస్ 7లో ఉన్నది 219, ఉబుంటు 16.04లో ఉన్నది 229, రెండూ పోయినట్టే. హోస్ట్‌లో ఏ సెట్టింగ్ మార్చినా తిరిగి రావు, కాబట్టి దాని మీద టైమ్ పెట్టొద్దు. ఆ కంటైనర్‌ని పూర్తి వీఎంగా మార్చుకోవడమే దారి, ఎందుకంటే వీఎంకి తన సొంత కెర్నల్ ఉంటుంది, హోస్ట్ సీగ్రూప్‌తో పని లేదు. కంటైనర్ స్టార్ట్ అవ్వకపోయినా దాని డేటా ఎక్కడికీ పోలేదు, పీసీటీ మౌంట్ కమాండ్‌తో దాని డిస్క్‌ని హోస్ట్ మీద తెరిచి ఫైళ్ళు బయటికి తీసుకోవచ్చు. నేను అదే చేశాను, ఒక కొత్త వీఎంలో ఇప్పటి డెబియన్ వేసి ఫైల్ షేరింగ్‌కి సాంబా పెట్టి ఫైళ్ళు ఆర్‌సింక్‌తో లాగాను, ఎలాగూ సెంటోస్ 7కి 2024 జూన్ 30తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి దాన్ని మళ్ళీ అలాగే నిలబెట్టాలని అనిపించలేదు.

మెట్టు 5: సీరియల్ పోర్ట్, యూఎస్‌బీ లాంటి బయటి వస్తువులు

పాత వీఎంలని ఇంకా ఉంచుకోవడానికి సగం కారణం ఇలాంటివే. కాటా ఇండికేటర్, లైసెన్స్ డాంగిల్, పాత ప్రింటర్, ఏదో ఒకటి దానికి తగిలించి ఉంటుంది.

మా దగ్గర జరిగింది చెప్తాను. హోస్ట్‌కి రెండు యూఎస్‌బీ-సీరియల్ కేబుళ్ళు ఉన్నాయి, ఒకటి కాటా ఇండికేటర్‌ది, ఇంకోటి యూపీఎస్‌ది. వీఎం కాన్ఫిగ్‌లో సీరియల్ పోర్ట్ అంటే టీటీవై యూఎస్‌బీ 0 అని ఉంది. ఈ నంబర్లు కేబుల్‌కి సొంతం కావు, బూట్ అయ్యేటప్పుడు ఏది ముందు దొరికితే దానికి 0, తర్వాతదానికి 1. కొత్త కెర్నల్‌తో లేచినప్పుడు ఆ వరస తిరగబడింది. ఎక్స్‌పీ ఏ ఎర్రరూ లేకుండా లేచింది, వే బ్రిడ్జి సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, కామ్ 1 ఓపెన్ అయింది, కానీ బరువు గడిలో కదలిక లేదు. అది పాపం నమ్మకంగా యూపీఎస్ కేబుల్ మీద చెవిపెట్టి కూర్చుంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పు కనపడదు, విండోస్‌లో కనపడదు, ప్రాక్స్‌మాక్స్ టాస్క్ లాగ్‌లో కూడా కనపడదు, అందుకే వీఎం పాడైందనుకున్నాను.

పట్టుకునే పద్ధతి ఇది. వీఎం ఆపేయండి. హోస్ట్ షెల్‌లో ఎస్‌టీటీవై కమాండ్‌తో ఆ పోర్ట్ స్పీడ్ ఇండికేటర్ మాన్యువల్‌లో ఉన్నట్టు పెట్టండి, మాది 2400, కొన్ని 9600 ఉంటాయి. తర్వాత క్యాట్ కమాండ్‌తో ఆ పోర్ట్‌ని చదవండి. కాటా ఖాళీగా ఉంటే సున్నాలు వరసగా పడుతూ ఉంటాయి, ఎవరినైనా పిలిచి కాటా మీద నిలబడమంటే ఆ అంకె మారుతుంది. మా వాచ్‌మన్ అర్ధరాత్రి చలిలో టార్చ్ పట్టుకుని కాటా ఎక్కాడు, యూఎస్‌బీ 0 మీద ఏమీ రాలేదు, యూఎస్‌బీ 1 మీద టకటకా 60, 60, 60 అని పడ్డాయి. ఆ క్షణం అర్థమైంది మూడు గంటలుగా నేను ఎక్కడ తవ్వుతున్నానో.

ఇక నంబర్‌తో కాకుండా పేరుతో కట్టండి. డెవ్ లోపల సీరియల్ ఫోల్డర్‌లో బై-ఐడీ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, కేబుల్ మోడల్, సీరియల్ నంబర్‌తో పేరు ఉంటుంది, ఆ పూర్తి దారిని వీఎం కాన్ఫిగ్‌లో సీరియల్0 ఎదురుగా పెట్టండి. ఇది రూట్ యూజర్‌తోనే చెయ్యాలి. చౌక కేబుళ్ళు రెండూ ఒకే మోడల్ అయితే, ముఖ్యంగా సీహెచ్340 చిప్‌వి అయితే వాటికి విడి సీరియల్ నంబర్ ఉండదు, అప్పుడు బై-ఐడీలో రెండింటికీ ఒకటే పేరొస్తుంది, అలాంటప్పుడు పక్కనే ఉన్న బై-పాత్ ఫోల్డర్ వాడండి, అది యూఎస్‌బీ పోర్ట్‌ని బట్టి ఉంటుంది, కానీ ఆ తర్వాత ఎవరూ కేబుల్ తీసి వేరే రంధ్రంలో పెట్టకుండా పోర్ట్ దగ్గర స్టిక్కర్ అంటించండి. డాంగిళ్ళకి కూడా ఇదే ఆలోచన, ఒకటే డాంగిల్ ఉంటే వెండర్ ఐడీతో కట్టడం మంచిది, ఒకే రకం రెండు ఉంటే పోర్ట్‌తో కట్టాలి.

మెట్టు 6: స్టార్ట్ అయ్యి బ్లూ స్క్రీన్, స్టాప్ 7బీ

స్టాప్ కోడ్ చివర 7బీ అని ఉంటే విండోస్ తన బూట్ డిస్క్‌ని చేరుకోలేకపోతోందని అర్థం. డిస్క్ పాడవ్వలేదు, ఆ డిస్క్ తగిలించి ఉన్న కంట్రోలర్‌కి బూట్ టైమ్‌లో డ్రైవర్ లేదు. మామూలు అప్‌గ్రేడ్‌తో ఇది రాదు, ఎవరో ఒకరు డిస్క్‌ని ఐడీఈ నుంచి సాటాకో విర్టియోకో మార్చినా, మెషీన్ టైప్‌ని, అంటే వర్చువల్ మదర్‌బోర్డుని, పాత ఐ440ఎఫ్ఎక్స్ నుంచి కొత్త క్యూ35కి మార్చినా, నాలాగా కొత్త వీఎం చేసి పాత డిస్క్ తగిలించినా వస్తుంది.

పాత కాగితం తీసి చూడండి. డిస్క్ ఐడీఈ0 మీద ఉండేదైతే ఇప్పుడున్న చోట డిటాచ్ చేసి మళ్ళీ ఐడీఈ0గా తగిలించండి, మెషీన్ ఐ440ఎఫ్ఎక్స్ పెట్టండి, బయాస్ పాత పద్ధతి సీబయాస్ పెట్టండి, ఆప్షన్స్‌లో బూట్ ఆర్డర్‌లో ఆ డిస్క్‌కి టిక్ పెట్టడం మర్చిపోవద్దు, డిటాచ్ చేసినప్పుడు ఆ టిక్ పోతుంది. బ్లూ స్క్రీన్ కూడా రాకుండా బూట్ డివైస్ లేదని వస్తుంటే చాలాసార్లు కారణం కొత్త వీఎంలో కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ ఎంచుకోవడమే, 2003, ఎక్స్‌పీ డిస్కులు పాత ఎంబీఆర్ పద్ధతివి, వాటికి సీబయాసే కావాలి.

ఎక్స్‌పీకి ఐడీఈ చాలు, దాని పని తక్కువ, అక్కడితో వదిలేయండి. 2008 ఆర్2లో ట్యాలీ మీద పదిమంది ఉంటే విర్టియో వల్ల తేడా తెలుస్తుంది, కానీ దానికి వరస ఉంది: ముందు ఐడీఈ మీదే బాగా లేవనివ్వండి, ఒక 1 జీబీ ఖాళీ డిస్క్‌ని విర్టియో మీద అదనంగా తగిలించండి, లోపలికెళ్ళి ఆ డిస్క్‌కి డ్రైవర్ వెయ్యండి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అది కనపడ్డాకే షట్‌డౌన్ చేసి బూట్ డిస్క్‌ని విర్టియోకి మార్చండి, ఖాళీ డిస్క్ తీసేయండి. డ్రైవర్ ఐఎస్ఓ తాజాది వద్దు, 0.1.173 లాంటి పాతది తీసుకోండి, దాంట్లో 2008 ఆర్2 డ్రైవర్లు ఉంటాయి. సంతకం చెల్లదని విండోస్ డ్రైవర్‌ని తిప్పికొడితే షా-2 అప్‌డేట్ లేదన్నమాట, కేబీ4474419 వేసి మళ్ళీ ప్రయత్నించండి.

మెట్టు 7: విండోస్ లేచింది, ఐపీ పోయింది

2008 ఆర్2కి నేను తెచ్చిపెట్టిన సమస్య ఇది. లేచింది, లాగిన్ అయింది, కానీ నెట్‌వర్క్ కార్డు పేరు లోకల్ ఏరియా కనెక్షన్ 2 అయ్యింది, స్టాటిక్ ఐపీ లేదు, పాత ఐపీ ఇవ్వబోతే ఈ అడ్రస్ ఇంకో అడాప్టర్‌కి ఇప్పటికే ఉందని మెసేజ్. ఆ ఇంకో అడాప్టర్ ఎక్కడా కనపడదు.

జరిగింది ఏంటంటే, ప్రాక్స్‌మాక్స్ కింద వీఎంలని నడిపే ప్రోగ్రామ్ అయిన క్యూఎములో 5.2 నుంచి వర్చువల్ మదర్‌బోర్డులో డివైస్‌లని చూపించే పద్ధతి మారింది. విండోస్ దృష్టిలో పాత కార్డు ఊడిపోయి కొత్త స్లాట్‌లో కొత్త కార్డు వచ్చింది. అందుకే కాన్ఫిగ్‌లో మెషీన్ లైను లేని పాత విండోస్ వీఎంలకి ప్రాక్స్‌మాక్స్ తనంతట తనే 5.1 వెర్షన్ మదర్‌బోర్డు చూపిస్తుంది, ఆ వీఎం చెక్కు చెదరకుండా నడుస్తుంది. నేను కొత్త వీఎం క్రియేట్ చేసేసరికి దానికి ఇప్పటి తాజా వెర్షన్ పిన్ అయింది, అంతే, ఐపీ పోయింది.

కాబట్టి ముందు చెయ్యాల్సింది విండోస్ లోపల కాదు. వీఎం ఆపి హార్డ్‌వేర్‌లో మెషీన్‌కి వెళ్ళి పాత కాన్ఫిగ్‌లో ఉన్న వెర్షన్ ఎంచుకోండి, ఏమీ లేకపోతే 5.1 పెట్టండి. నెట్‌వర్క్ కార్డు మోడల్ అదే పెట్టండి, మ్యాక్ అడ్రస్ పాతదే టైప్ చెయ్యండి, ఎస్ఎంబయాస్ యూయూఐడీ కూడా పాత కాన్ఫిగ్ నుంచి కాపీ చెయ్యండి, పాత సాఫ్ట్‌వేర్ల లైసెన్స్‌లు ఈ రెండింటిలో ఏదో ఒకదానికి కట్టి ఉంటాయి. ఇవన్నీ సరిపోతే విండోస్ లేచినప్పుడు పాత కార్డు, పాత ఐపీతో సహా తిరిగి వస్తుంది. మాకు అలాగే వచ్చింది.

పాత వెర్షన్ పెట్టే వీలు లేకపోతేనే రెండో దారి. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డెవ్‌ఎంజీఆర్ షో నాన్‌ప్రెజెంట్ డివైసెస్ అనే వేరియబుల్‌ని, మాటల మధ్య అండర్‌స్కోర్లతో, 1కి సెట్ చేసి అదే విండో నుంచి డివైస్ మేనేజర్ తెరవండి, వ్యూలో షో హిడెన్ డివైసెస్ నొక్కితే పాత కార్డు మసక రంగులో కనపడుతుంది, దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి కొత్తదానికి ఐపీ ఇవ్వండి. ఇది పనిచేస్తుంది గానీ ఎన్నాళ్ళైనా పాత వెర్షనే పెట్టుకుని కూర్చోవచ్చు అనుకోకండి, క్యూఎము వాళ్ళు మెషీన్ వెర్షన్లని 3 ఏళ్ళకి పాతబడినవిగా ప్రకటించి 6 ఏళ్ళకి తీసేసే పద్ధతి పెట్టుకున్నారు, కాబట్టి తీరిక చూసుకుని, బ్యాకప్ తీసుకుని, ఎప్పుడో ఒకరోజు ఈ రెండో దారిలో కొత్త వెర్షన్‌కి మార్చుకోవాలి. అది సీజన్ లేని రోజు అవ్వాలి.

మెట్టు 8: పాత లైనక్స్

సెంటోస్ 6లో మ్యాక్ మారితే ఈథ్0 పోయి ఈథ్1 వస్తుంది, ఎందుకంటే యూడెవ్ రూల్స్ ఫోల్డర్‌లో 70తో మొదలయ్యే పర్సిస్టెంట్ నెట్ ఫైల్లో పాత మ్యాక్ రాసి ఉంటుంది. పాత మ్యాక్ తిరిగి ఇస్తే సరిపోతుంది, లేదంటే ఆ ఫైల్లో పాత లైను తీసేసి, నెట్‌వర్క్ స్క్రిప్ట్‌లో హెచ్‌డబ్ల్యూ అడ్రస్ సరిచేసి రీబూట్ చెయ్యాలి. సెంటోస్ 7 వీఎంలో అయితే మెషీన్ క్యూ35కి మారినప్పుడు ఈఎన్ఎస్18 కాస్తా ఈఎన్‌పీ6ఎస్18 అయిపోతుంది, ఐ440ఎఫ్ఎక్స్‌కి వెనక్కి వస్తే పాత పేరు వస్తుంది.

డిస్క్ బస్ మారి సెంటోస్ 7 డ్రాకట్ (బూట్ ఇమేజ్‌లు తయారుచేసే టూల్) ఎమర్జెన్సీ షెల్‌లో ఆగిపోతే, బూట్ మెనూలో రెస్క్యూ ఎంట్రీ ఎంచుకోండి, దాంట్లో అన్ని డ్రైవర్లూ ఉంటాయి కాబట్టి చాలాసార్లు లేస్తుంది. లేచాక డ్రాకట్‌తో అన్ని ఇమేజ్‌లూ మళ్ళీ తయారు చేయించండి. ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ అవ్వాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఎస్‌డీఏ అని పేర్లు రాసి ఉంటే విర్టియో మీద అవి వీడీఏ అవుతాయి, యూయూఐడీలతో రాసుకుంటే ఈ గోల ఉండదు.

మెట్టు 9: గడియారం చూడండి

దీన్ని చివర పెట్టాను గానీ తేలిగ్గా తీసుకోకండి, పైవన్నీ కళ్ళకి కనపడే తప్పులు, ఇది కనపడకుండా లెక్కలు పాడుచేస్తుంది. అన్నీ అయ్యాయనుకుని తెల్లవారుజామున ట్రయల్ స్లిప్ ఒకటి ప్రింట్ చేయించాను. టైమ్ 4:40, స్లిప్ మీద 11:10 పీఎం, తేదీ నిన్నటిది. తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు. మన దేశంలో ఈ అంకె కనపడిందంటే ఇక వెతకక్కర్లేదు, ఒకరు యూటీసీలో మాట్లాడుతున్నారు, ఇంకొకరు దాన్ని ఇక్కడి టైమ్ అనుకుంటున్నారు. విండోస్ తన హార్డ్‌వేర్ గడియారం లోకల్ టైమ్‌లో ఉంటుందనుకుంటుంది, లైనక్స్ యూటీసీ అనుకుంటుంది. ఓఎస్ టైప్ విండోస్ అని ఉంటే ప్రాక్స్‌మాక్స్ లోకల్ టైమ్ ఇస్తుంది, నేను కంగారులో అదర్ అని పెట్టాను. ఆప్షన్స్‌లో ఓఎస్ టైప్ సరిచేసి, యూజ్ లోకల్ టైమ్ ఫర్ ఆర్‌టీసీ అన్నది యెస్ పెట్టి, వీఎంని పూర్తిగా ఆపి మళ్ళీ లేపాను, స్లిప్ సరిగా వచ్చింది. హోస్ట్ టైమ్‌జోన్ కూడా ఏషియా కోల్‌కతా ఉందో లేదో చూసుకోండి.

ఒక్కసారి ఆలోచించండి, ఆ స్లిప్పులు అలాగే పోయుంటే పొద్దున 5:30 లోపు కాటా ఎక్కిన రైతుల వడ్లన్నీ ముందు రోజు లెక్కలో పడేవి, ధర రోజు రోజుకీ మారే సీజన్‌లో అది వాళ్ళ డబ్బు. డొమైన్‌లో ఉన్న సర్వర్లకైతే 5 నిమిషాలు తేడా వచ్చినా లాగిన్లు ఆగిపోతాయి, అది కనీసం గొడవ చేసి తెలియజేస్తుంది.

మెట్టు 10: వదిలి వెళ్ళే ముందు

ప్రతి వీఎంలో ఓఎస్ లేచిందా అని కాకుండా అసలు పని జరుగుతుందా చూడండి: కాటా స్లిప్ ఒకటి, ట్యాలీలో వోచర్ ఒకటి తెరవడం, షేర్‌లో ఫైలు ఒకటి పెట్టి తీయడం. ఆ పని రోజూ చేసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది, మనకి కనపడనివి వాళ్ళకి వెంటనే కనపడతాయి.

తర్వాత హోస్ట్‌ని మనం అక్కడ ఉండగానే ఇంకోసారి రీబూట్ చెయ్యండి. చేత్తో సరిచేసినవి చాలాసార్లు ఆ పూటకే సరవుతాయి, కరెంటు పోయి వచ్చాక మళ్ళీ మొదటికొస్తాయి. వీఎంలు వాటంతట అవి వరసగా లేస్తున్నాయా, సీరియల్ పోర్ట్ నిలబడిందా, ఐపీ ఫార్వర్డ్ 1గానే ఉందా చూసుకోండి.

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, 2008 ఆర్2కి 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. వాటికి ఇంటర్నెట్ దారి ఉండకూడదు. ఫిజికల్ పోర్ట్ లేని వేరే బ్రిడ్జి మీద పెట్టి, కావలసిన ఒకటి రెండు అడ్రస్‌లకి మాత్రమే ఫైర్‌వాల్‌లో దారి ఇవ్వండి. మా ఎక్స్‌పీ ఇప్పుడు ప్రింటర్‌తో, ఆఫీస్‌లో ఒక్క కంప్యూటర్‌తో మాత్రమే మాట్లాడుతుంది.

చివరిగా ఆ రోజే కొత్త బ్యాకప్ తీసుకుని, ఒకదాన్ని వేరే నంబర్‌తో, యూనిక్ టిక్ పెట్టి, నెట్‌వర్క్ లింక్ ఊడదీసి రిస్టోర్ చేసి లేపి చూడండి. లేస్తే దాన్ని తీసేసి, మారిన కాన్ఫిగ్‌లన్నీ మళ్ళీ ప్రింట్ తీసి తేదీ వేసి పాతవాటి పైన పెట్టండి, పాతవి పారెయ్యొద్దు. మా మిల్లులో ఆ ఫైలు ఇప్పుడు సర్వర్ ర్యాక్ తలుపుకి లోపలి వైపు దారంతో కట్టి ఉంది.